గోడ దూకిన కథలు

పాఠ్యపుస్తకాల బరువు కింద నలిగే పిల్లలు తమకోసం తామే కథలు రాసుకుంటే ఎలా ఉంటాయో దక్షిణ కొరియాలో 2001లో తెలిసివచ్చింది. ‘క్వియోని’ అన్న కలంపేరుతో ఒక ఉన్నత పాఠశాల విద్యార్థిని అంతర్జాలంలో విడతలు విడతలుగా ఒక ప్రేమకథ రాయనారంభించింది. దాని పేరుకు ‘వాడు భలేగా ఉండేవాడు’ అని స్థూలంగా అర్థం.

తెరమీద సీరియళ్ళు చదవడం ఆ దేశస్థులకు అప్పటికే అలవాటు. టెలిఫోను తీగల మీద నడిచిన హైటెల్‌లో 1993లోనే ఈ వూ-హ్యొక్ భూతవైద్యుల సాహసగాథ ‘థ్వేమారోక్’ మొదలైంది. కిమ్ హో-షిక్ 1999లో నౌనూరి అన్న మరో సేవలో రాసిన ముచ్చట్లే 2001లో ‘మై శాసీ గర్ల్’ చలనచిత్రమయ్యాయి. అయితే వారిద్దరూ పెద్దవారు. బ్రాడ్‌బ్యాండ్ ఇంటింటికీ పాకిన తరువాత (2002 చివరికే చందాదారులు కోటి దాటారు) కలం బడిపిల్లల చేతికి వచ్చింది.

క్వియోని కథ చాలా చిన్నది. నాయిక సామాన్యురాలు. పక్క బడిలోని అందగాడు, కొట్లాటలలో మొనగాడు, అంతర్జాలంలో ఆమె రాసిన వెక్కిరింపుకు కోపగించి వెంటపడతాడు. తప్పించుకోబోయి గోడ దూకిన పిల్ల సరిగ్గా అతని మీదే పడుతుంది, పెదవులు తగులుతాయి, ‘ఇక నా బాధ్యత నీదే’ అని అతడు పట్టుబడతాడు. తరువాత జరిగేది పాఠకుడు ముందే ఊహించగలడు. ఊహించగలగడమే ఇందులోని సుఖం. యద్దనపూడి నాయకుడు కారు దిగుతాడని తెలిసీ వచ్చే వారం సంచిక కోసం కాచుకున్న మన ఇళ్ళలోని పెద్దలకు ఇది వివరించనక్కరలేదు.

నన్ను ఆకర్షించినది మరొకటి. ఈ బడి కథలలో పాఠాలు దాదాపు కనబడవు. రాత్రి పది దాకా బడిలోనే కూర్చోబెట్టి చదివించే దేశంలో, జీవితాన్ని ఒక్క ప్రవేశ పరీక్ష తేల్చే వయసులో, బడిని ఆటస్థలంగా ఊహించుకోవడం చిన్న తిరుగుబాటే. మన ఇంటర్మీడియట్ హాస్టళ్ళు చూసినవారికి ఆ దాహం అర్థమవుతుంది.

పెద్దలకు కోపం తెప్పించింది మాత్రం భాష. వాక్యం మధ్యలో విరామచిహ్నాలతో అల్లిన ముఖాలు. కన్నీరు కార్చే రెండు కళ్ళలా కనబడే ఒక కొరియన్ అచ్చక్షరాన్ని జంటగా రాసి ఏడుపును సూచించడం. పలికినట్టే రాసిన మాటలు. భాష భ్రష్టమైపోతున్నదన్నారు. 2003లో నవల పుస్తకంగా వచ్చింది. ఆమెకు సంగ్‌క్యూన్‌క్వాన్ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక ప్రవేశం లభించినప్పుడు ఆ గొడవ మరింత ముదిరింది. గిడుగు వారి కాలపు వాదాలు చదువుకున్న మనకు ఈ ఆవేశం పరిచితమే. నా మట్టుకు ఆ కన్నీటి అక్షరం ముచ్చటైన కల్పన.

అసలు లోపం వేరేచోట ఉంది. నాయకుడు పిల్లను మణికట్టు పట్టి ఈడ్చుకుపోతాడు, అరుస్తాడు, బెదిరిస్తాడు; అదంతా ప్రేమ లోతుకు కొలతగా చూపబడుతుంది. బడిలో బలహీనులను కొట్టే ముఠా నాయకునికి గతంలో ఒక దుఃఖం తగిలిస్తే చాలు, దోషాలన్నీ కడుక్కుపోతాయి. దెబ్బలు తిన్న కుర్రవాడి పక్షాన కథ ఒక్క పుట కూడా నిలువదు. హాస్యం ఇక్కడ మత్తుమందులా పనిచేస్తుంది: నవ్వుతూ చదువుతున్నప్పుడు బలవంతం బలవంతంగా కనిపించదు. భాష మీద అంత రోషం చూపిన విమర్శ దీని దగ్గర కూడా అంతే గట్టిగా నిలిచి ఉంటే బాగుండేది.

ఆమె ‘తోడేళ్ళ ప్రలోభం’లో ప్రేమించిన కుర్రవాడు సవతి తమ్ముడని తేలుతుంది, చివరకు మరణిస్తాడు. తేలికగా మొదలైన కథకు బరువు కావలసివస్తే ఈ తరహా రచయితలకు దొరికే సాధనాలు రహస్య రక్తబంధం, మరణం, ఈ రెండే. రోజూ ఒక విడత రాస్తూ, అప్పటికప్పుడు వచ్చే జవాబులను చూస్తూ సాగే పదిహేడేళ్ళ పిల్లకు పాత్రను నెమ్మదిగా మార్చే తీరిక ఎక్కడిది? 2004లో ఈ రెండు నవలలూ సినిమాలయ్యాయి. వానలో గొడుగు ఎత్తి లోనికి దూరిన కాంగ్ దోంగ్-వొన్ చిరునవ్వును నేటికీ తలచుకుంటారు.

తరువాతి కాలంలో యూ హాన్-ర్యో ‘ఇన్సో నియమం’ అన్న నవల రాసింది. ఇన్సో అంటే అంతర్జాల నవలకు కొరియన్ పొట్టిపేరు. ఒక పిల్ల నిద్రలేచేసరికి అటువంటి నవలలోనే ఉంటుంది: పక్కింట్లో అపురూప సౌందర్యవతి, తరగతిలో ‘నలుగురు రారాజులు’. ఈ పిల్ల మాత్రం ఆ కథకు నాయిక కాదు, నాయిక స్నేహితురాలు.