పడవలు లాగిన బాట



యానాంలో ఈ ప్రసంగం వింటున్న పెద్దలకు ఫ్రెంచి మాట కొత్త కాదు. 1954 దాకా అక్కడ కచేరీ భాష అదే. మిగతా మనకు ఫ్రాన్సు అనగానే పారిస్ నగరం, ఈఫిల్ టవరు గుర్తుకొస్తాయి. ఈ పూట మనం వెళ్ళే ఫ్రాన్సు అది కాదు. పారిస్‌కు దక్షిణంగా అయిదారు వందల కిలోమీటర్ల దూరంలో కెర్సి అనే సున్నపురాతి సీమ ఉంది. సెలె అనే చిన్న ఏరు, లోట్ అనే పెద్ద నది అక్కడ కొండల్ని కోసుకుంటూ పారుతున్నాయి. ఆ లోయల వెంట, ఫిజాక్ పట్టణం నుంచి కయోర్ పట్టణం దాకా సైకిలు మీద పోదాం. వీలైనంత వరకు తారు రోడ్డు వదిలి కంకర బాటలే పట్టుకుందాం.

ఇప్పుడు ఆ వైపు వచ్చే సైకిలు యాత్రికుల్లో కొందరు ‘గ్రావెల్ బైక్’ అనే సైకిలు తెచ్చుకుంటున్నారు. చూడ్డానికి పందెపు సైకిలులా హ్యాండిలు కిందికి వంగి ఉంటుంది. టైర్లు మాత్రం వెడల్పు, 35 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా. మిట్ట ఎక్కడానికి తేలిక గేర్లు ఉంటాయి. పేరు కొత్తదే గాని సంగతి పాతదే. ఆ దేశంలోనే పాల్ ద వివీ అనే ఆయన ఉండేవాడు. ‘వెలోసియో’ అనే కలం పేరుతో ప్రసిద్ధుడు. 1853లో పుట్టి 1930లో పోయాడు. 1887లో సైకిలు పత్రిక ఒకటి మొదలుపెట్టి, లావు టైర్లు, రకరకాల గేర్లు ఉంటే సామాన్యుడు కూడా కొండలు దాటగలడని జీవితమంతా చెబుతూ వచ్చాడు. పందేలవాళ్ళు వినలేదు. ప్రసిద్ధమైన టూర్ ద ఫ్రాన్స్ పందెంలో నడుస్తూనే గేరు మార్చే సాధనాన్ని 1937 దాకా రానివ్వలేదు. సైకిలు మీద బడికి పోయి వచ్చే నాలాంటివాడికి మాత్రం వెలోసియో మాటే సబబనిపిస్తుంది.

ఫిజాక్‌లో బయలుదేరే ముందు ఒక్క చోట ఆగాలి. ఈ ఊరి పుస్తకాల వ్యాపారి ఇంట 1790లో షాంపోలియన్ పుట్టాడు. ఈజిప్టు బొమ్మల లిపిని 1822లో చదివి చెప్పిన పండితుడు ఆయనే. ఒకే శాసనం రెండు భాషల్లో, మూడు లిపుల్లో చెక్కి ఉన్న రోసెట్టా రాయి ఆయనకు దారి చూపింది. ఆయన ఇంటి వెనక చిన్న ముంగిలిలో ఆ రాతి నకలును నల్లరాతి మీద పెద్దగా చెక్కించి నేల మీద పరిచారు. జనం ఆ అక్షరాల మీదనే నడుస్తారు. రెండు భాషల బోర్డులు చదువుతూ పెరిగిన సరిహద్దు మనిషికి ఆ రాయి చుట్టంలా కనబడుతుంది.

ఇక సెలె లోయ. ఏటి పక్కన చిన్న తారు రోడ్డు, దానికి ఎగువన గుట్టల అంచున పాత రాతిబాటలు. స్పెయిన్‌లోని సాంతియాగోకు నడిచిపోయే క్రైస్తవ యాత్రికుల దారుల్లో ఒక పాయ ఈ లోయగుండానే పోతుంది. మార్సియాక్ అనే ఊళ్ళో సగం కూలిన పాత మఠం ఉంది. అక్కడక్కడ కొండ చరియల్లో, గుహల మూతి మీద గోడలు కట్టిన కోటలు కనిపిస్తాయి. వాటిని జనం ‘ఇంగ్లీషువాళ్ళ కోటలు’ అంటారు. 1360లో జరిగిన సంధి ప్రకారం ఈ కెర్సి సీమ ఇంగ్లండు రాజు చేతికి పోయింది. కొన్ని కోటలు అంతకంటే పాతవే. అయినా ఊరివాళ్ళ నోట ఆ పేరే స్థిరపడింది.

లోయ చివర కాబ్రెరె గ్రామం పైన పెష్ మెర్ల్ గుహ ఉంది. 1922లో ఇద్దరు కుర్రవాళ్ళు సన్నని సందులోంచి పాక్కుంటూ పోయి, లోపల చుక్కల గుర్రాల బొమ్మలు చూశారు. వాటి వయస్సు 29 వేల ఏళ్ళు అని లెక్క. పక్కనే మనిషి అరచేతి గుర్తులు. ఎవరో గోడ మీద చేయి ఆనించి చుట్టూ రంగు ఊదారు.

సెలె ఏరు లోట్ నదిలో కలిసే చోటు దగ్గర బూజియెస్ అనే చిన్న ఊరుంది. మన ప్రయాణమంతా నేను ఈ చోటు కోసమే చెబుతున్నానంటే అబద్ధం కాదు. ఇక్కడ కొండ తిన్నగా నీళ్ళలోకి దిగుతుంది, గట్టు అనేదే లేదు. మరి ఎదురీత పడవల్ని లాగేవాళ్ళు ఎక్కడ నడవాలి? 1840ల దశకంలో ఆ కొండ కడుపునే తొలిచి, నీటి మట్టానికి కొంచెం ఎత్తున బాట చేశారు. ఒక పక్క రాయి, తల మీద రాయి, రెండో పక్క నది. కయోర్ ద్రాక్షసారాయి పీపాలు వేసుకుని పడవలు దిగువకు, బోర్డో రేవు వైపు, ప్రవాహం వెంట పోయేవి. తిరిగి వచ్చేటప్పుడు మనుషులో పశువులో తాడు పట్టి ఈ బాటన నడుస్తూ లాగాలి. మన బకింగ్‌హాం కాలువ గట్టు మీద కూడా తాడు భుజాన వేసుకుని పడవలు లాగినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మనవలు ఎవరైనా ఈ ప్రసంగం వింటూ ఉంటే, బూజియెస్ బాట ఎలాంటిదో వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

ఇంత కష్టపడి తొలిచిన బాట నిండా యాభై ఏళ్ళు కూడా పని చేయలేదు. 1886లో కయోర్ నుంచి కాప్‌దెనాక్ దాకా అదే లోయలో రైలు వచ్చింది. ఆ రోజుల్లోనే ఫిలాక్సెరా అనే పురుగు ద్రాక్షతోటల్ని తినేసింది. తోట పోతే సారాయి లేదు, సారాయి లేకపోతే పీపా లేదు, పీపా లేకపోతే పడవ దేనికి? 1926లో లోట్ నది పేరునే పడవలు నడిచే నదుల జాబితాలోంచి కొట్టేశారు. పడవల్ని మింగిన రైలు కూడా మిగల్లేదు, 1980లో ఆ లైను మీద ప్రయాణికుల బండి ఆగిపోయింది. 1990లో నదిలో కొంత మేర మళ్ళీ పడవలు తిరిగాయి గాని, అవి విహారానికి వచ్చినవాళ్ళవి. పనివాళ్ళ బాట ఇప్పుడు సెలవులకు వచ్చినవాళ్ళది. అక్కడ సైకిలు దిగి నడిపించుకుని పోవడమే మర్యాద, బాట అంత ఇరుకు.

బాట దాటి పైకెక్కితే, నదికి 100 మీటర్ల ఎత్తున కొండ కొమ్మున సేన్ సిర్ లపోపి గ్రామం. ఒకప్పుడు ఇక్కడ కొయ్య తరిమెన పట్టేవాళ్ళు ఇంటింటా ఉండేవారు. పీపాలకు బిగించే కొయ్య కుళాయిలు వాళ్ళ చేతి పని. పీపాల కథ ముగిశాక వాళ్ళూ చెదిరిపోయారు. 1851లో లోట్ జిల్లా జనాభా 3 లక్షలకు కొంచెం తక్కువ. 1954 నాటికి అది లక్షన్నరకు పడిపోయింది. 1950లో ఆంద్రే బ్రెతోఁ అనే కవి ఈ ఊరు చూసి మోజుపడి ఇల్లు కొనుక్కున్నాడు. 2012లో టెలివిజన్ ప్రేక్షకులు దేశమంతటిలోనూ తమకు నచ్చిన గ్రామంగా దీన్ని ఎన్నుకున్నారు. ఏడాది పొడుగునా కాపురం ఉండేవాళ్ళు మాత్రం ఏ రెండు వందలమందో.

శ్రోతలారా, ఆ పడవవాళ్ళు, ఆ కుళాయిలవాళ్ళు ఏ భాష మాట్లాడేవారు? ఫ్రెంచి అనుకుంటే పొరపాటు. వాళ్ళది ఆక్సితాన్. ‘ఔను’ అనడానికి ‘ఓక్’ అంటారు గనుక ‘ఓక్ భాష’ అని పేరు. 12వ శతాబ్దంలోనే ఐరోపా అంతటా మన్నన పొందిన కవిత్వం అందులో ఉంది. ఫ్రెంచి విప్లవం నాటికి, 1794లో, గ్రెగ్వార్ అనే మతాచార్యుడు ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చాడు. ఫ్రెంచిని శుద్ధంగా మాట్లాడేవాళ్ళు దేశంలో 30 లక్షలకు మించరని ఆయన లెక్క. మిగతా మాటలన్నిటినీ తుడిచిపెట్టాలన్నది ఆయన సలహా. ఆ పని తరువాత బడి చేసింది. 1881, 1882 చట్టాలతో చదువు ఉచితమూ, నిర్బంధమూ అయింది. మంచి పనే. కాని చాలా బళ్ళల్లో ఇంటి మాట పలికిన పిల్లవాడి చేతికి ఒక కొయ్యముక్కో, పాత బూటో ఇచ్చేవారు. వాడు దాన్ని వదిలించుకోవాలంటే ఇంటి మాట పలికిన మరో పిల్లవాణ్ణి పట్టివ్వాలి. సాయంత్రానికి అది ఎవరి చేతిలో మిగిలితే వాడికి శిక్ష.

నేను ఈ సంగతి మొదట చదివినప్పుడు ఆ పిల్లవాడి కంటే ఆ పంతులు గురించే ఎక్కువ ఆలోచించాను. ఆయనలో చాలామంది అదే సీమలో, అదే భాష మాట్లాడే ఇళ్ళలో పుట్టినవాళ్ళే. ఇంటికి పోయి తల్లితో ఏ మాట మాట్లాడి ఉంటాడు? పిల్లలు బాగుపడాలనే చేశాడు, సందేహం లేదు. రాజ్యభాష రాకపోతే ఉద్యోగం లేదు, కచేరీలో నోరు లేదు. రెండు భాషలూ చెప్పవచ్చుననే ఆలోచన ఎందుకు రాలేదన్నదే నాకు అంతుపట్టదు. ఆ భాషను బడిలో ఐచ్ఛికంగా చెప్పడానికి 1951లో గాని చట్టం అనుమతించలేదు. 1979లో పో పట్టణంలో తల్లిదండ్రులే పూనుకుని ఆక్సితాన్ బడి పెట్టుకున్నారు. అప్పటికి ఒక తరం తాతలు మనవలతో సొంత భాష మాట్లాడటానికి సిగ్గుపడే స్థితికి వచ్చేశారు.

ఊళ్ళ పేర్లు మాత్రం ఎవరూ మార్చలేకపోయారు. ఫిజాక్, మార్సియాక్, కాప్‌దెనాక్ అన్న పేర్ల చివర ఉన్న ఆ ‘ఆక్’ రోమనుల కాలం నాటిది, ఫలానావారి భూమి అని చెప్పే తోక. మన సరిహద్దుల్లో, బస్సు బోర్డు ఏ లిపిలో ఉన్నా, ‘పల్లి’ అన్న తోక అలాగే నిలిచి ఉంది కదా.

చివరి మజిలీ కయోర్. మూడు బురుజుల వాలాంత్రె వంతెన కట్టడం 1308లో మొదలై డెబ్భై ఏళ్ళు పట్టింది. ఆలస్యానికి విసిగిన మేస్త్రీ సైతానుతో ఒప్పందం చేసుకున్నాడని కథ. చెప్పిన పనల్లా సైతాను చేయాలి, బదులుగా మేస్త్రీ ప్రాణం ఇవ్వాలి. పని ముగిసే ముందు మేస్త్రీ వాడి చేతికి జల్లెడ ఇచ్చి, పనివాళ్ళకు నీళ్ళు తెమ్మన్నాడు. ఓడిపోయిన సైతాను కసితో నడి బురుజు మూల రాయి ఒకటి ఊడదీసేవాడట, ఎన్నిసార్లు పెట్టినా మళ్ళీ ఊడదీసేవాడట. 1879లో మరమ్మతు చేయించిన పాల్ గూ అనే వాస్తుశిల్పి ఆ మూలన కొత్త రాయి పెట్టించి, దాన్ని పట్టి లాగుతున్న చిన్న సైతాను బొమ్మ కూడా చెక్కించాడు. సైకిలు వంతెన గోడకు ఆనించి తలెత్తి చూస్తే, వాడు ఇప్పటికీ అక్కడ లాగుతూనే కనిపిస్తాడు.

సెలవు.