కలెక్టరుగారి తెలుగు వ్యాకరణము

మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు. ఇంగ్లీషు పుస్తకము తెరవగానే ఎనిమిది భాషాభాగములు వల్లించవలెను: నౌను, ప్రొనౌను, అడ్జెక్టివు, వెర్బు మొదలగునవి. ఈ జాబితా ఇంగ్లీషువారు కల్పించినది కాదని పిల్లలకు ఎవరును చెప్పరు. అది ప్రాచీన గ్రీకు వ్యాకరణమునుండి లాటిను మీదుగా వారికి వచ్చినది. గ్రీకులకును భాగములు ఎనిమిదే గాని, అందులో అడ్జెక్టివు లేదు. అది నామవాచకపు ఇంటిలోనే కాపురము. మన యాస్కుడు చెప్పిన నామము, ఆఖ్యాతము, ఉపసర్గ, నిపాతము అను నాలుగింటిలోను విశేషణమునకు వేరు గది లేదు. ఇంగ్లండులోను చాలకాలము దానిని నౌనులో ఒక రకముగానే లెక్కించిరి. 1795లో లిండ్లే మర్రే వ్యాకరణము వెలువడునప్పటికి అది వేరు కాపురము పెట్టినది.

ఇట్టి చట్రములో మన తెలుగును చూపబూనిన దొరలలో అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ ఒకరు. 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణము సేరంపూరులో వచ్చినది. 1816లో క్యాంబెల్ వ్యాకరణము మద్రాసులో అచ్చయినది. ఈయన తరువాత బళ్లారి కలెక్టరు అయ్యెను. మన రాయచూరునుండి తుంగభద్ర దాటినచో బళ్లారి. కనుక ఈ దొరను పొరుగువానిగానే ఎంచవచ్చును.

ఆ చట్రములో తెలుగు ఎందుకు ఇమడదో చూడండి. ఇంగ్లీషులో "గుడ్ బాయ్" అన్నను, "ది బాయ్ ఈజ్ గుడ్" అన్నను గుడ్ మారదు. తెలుగులో మంచి బాలుడు అనవచ్చును గాని, మాట వెనుకకు పోయినచో బాలుడు మంచివాడు, బాలిక మంచిది, పిల్లలు మంచివారు అనవలెను. అందము అను ఒక్క నామమునుండియే అందమైన, అందముగా అను రెండును పుట్టును. అన్నిటికంటె చిత్రము "నిన్న వచ్చిన బండి". వచ్చిన అనునది క్రియయే, విశేషణమును అదియే. ఇంగ్లీషువారికి ఇచట "విచ్ కేమ్" అని వేరొక వాక్యమే కావలెను. మన పిల్లవాడు "ఎస్టర్డే కేమ్ ట్రెయిన్" అని వ్రాయగా తరగతి యంతయు నవ్వును. వాడు మందబుద్ధి కాడు. తెలుగు వ్యాకరణమును తప్పకుండ పాటించినాడు, అంతే. ఆ సంగతి చెప్పి దిద్దినచో మరునాటికి నేర్చుకొనును. నవ్వినచో తెలుగు మాట్లాడుటకే సిగ్గుపడును.

పక్క బల్లమీది కన్నడ పిల్లవాడును అదే తప్పు చేయును. వారికి "బంద రైలు". "ఒళ్ళెయ హుడుగ", కాని "హుడుగ ఒళ్ళెయవను". ఇది కాకతాళీయము కాదు. క్యాంబెల్ వ్యాకరణమునకే ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ వ్రాసిన పీఠికలో తెలుగు, కన్నడము, తమిళము ఒకే కుటుంబమునకు చెందినవనియు, సంస్కృతమునుండి పుట్టినవి కావనియు ధాతువులను పోల్చి చూపెను. ఎల్లిస్ 1819లో గతించెను. 1856లో కాల్డ్వెల్ పెద్ద గ్రంథము వ్రాయగా, పేరంతయు ఆయనకే పోయినది. ఎల్లిస్‌ను తలచువారు తక్కువ. ఇది న్యాయము కాదని నా అభిప్రాయము.

1823లో క్యాంబెల్ బళ్లారి జిల్లా బడులను గురించి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. మొత్తము 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. రెండును దాదాపు సమానమే! ఇంగ్లీషు నేర్పునది ఒక్కటి. అప్పటికి మనవైపు రైలు లేదు. మద్రాసు రైలు, బొంబాయి రైలు రాయచూరులో కలిసినది 1871లో. ఇంగ్లీషు రానివానికి ఉద్యోగము లేదను మాట మన ఊళ్లలో బలపడినది ఆ తరువాతనే.

ఆ నివేదికలోనే ఆయన ఒక ఫిర్యాదు చేసెను. పిల్లలు వాడుకలో లేని కావ్యభాషలోని పద్యములను అర్థము తెలియక చిలుకలవలె వల్లించుచున్నారట. మన ఇళ్లలో సాయంకాలము వినవచ్చు "నౌను, ప్రొనౌను, అడ్జెక్టివు" పాఠము ఆయన చెవిని పడినచో ఏమనెడివారో!