ధర కట్టితే చాలదు, సరుకుండాలి

ఆపద వేళ సరుకు దాచి ధర పెంచడం ఇహ్తికార్. మన దీన్‌లో అది గునాహ్. కాని ఒట్టి బోధతో బజారు దారికొస్తుందా?

మంగోలుల దాడులకు ఎదురు నిలిచే పెద్ద సైన్యాన్ని తక్కువ జీతంతో పోషించాలని ఢిల్లీ సుల్తాన్ అలావుద్దీన్ ఖిల్జీ (1296-1316) గోధుమలు మణుగు 7½ జీతళ్లని ధర కట్టాడు. అంతటితో ఊరుకోలేదు. దోఆబ్ శిస్తును ధాన్యంగానే రాబట్టి గిడ్డంగులు నింపాడు, మండీపై షహ్నా అనే అధికారిని పెట్టాడు. వానల్లేని ఏడు కూడా ధర కదల్లేదని చరిత్రకారుడు బరనీ రాశాడు.

మన దేశంలో ఇందుకు 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టముంది. 2020 మార్చిలో కరోనా వేళ మాస్కులను, శానిటైజర్లను అందులో చేర్చి, 200 మిల్లీలీటర్ల శానిటైజరు 100 రూపాయలు మించరాదన్నారు. ధర కట్టడం సర్కారు పని. సరుకు బయటపెట్టడం మన పని. మన దుకాణాల్లో దాపరికం లేకపోతే చట్టం సగం అమలైనట్టే.