పోగొట్టుకున్నవారి రాయి

రెండు వేల ఏళ్ల కిందటి జెరూసలేంలో ఒక రాయి ఉండేదట. దారిలో మూటో, ముంతో దొరికినవాళ్లు ఆ రాయి దగ్గరికి వచ్చి, ఫలానాది మాకు దొరికిందహో అని చాటేవాళ్లు. పోగొట్టుకున్నవాళ్లూ అక్కడికే వచ్చి, ఆనవాళ్లు చెప్పి, తమ సొత్తు తీసుకుపోయేవాళ్లు. యూదుల ధర్మచర్చల మహాసంకలనమైన తాల్ముద్‌లో ఈ సంగతి కంటపడిన రోజు నాకు పండగే అయింది. తాల్ముద్‌కు పునాది అయిన, క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో అదే రాయి ఇంకో కథలోనూ తగులుతుంది. హోనీ అనే భక్తుడు ప్రార్థించి వాన కురిపించాడు. వాన మొదలైంది కానీ ఎంతకీ ఆగలేదు. ఇక చాలు, ఆపించు బాబూ అని జనం మొరపెట్టుకుంటే, ముందు ఆ రాయి కరిగిందేమో చూసి రమ్మన్నాడు హోనీ. ఊరందరికీ తెలిసిన, ఎన్నటికీ కరగదని అందరూ నమ్మిన రాయి అన్నమాట.

క్రీ.శ. 70లో రోమన్ సైన్యం జెరూసలేం దేవాలయాన్ని కూల్చేసింది. ఏడాదికి మూడు పండగలకు ఊరూరి నుంచి జనం చేరే చోటే లేకుండా పోయింది. మరి దొరికిన వస్తువును చాటేదెక్కడ? ఇకమీదట ప్రార్థన మందిరాల్లో, పాఠశాలల్లో చాటండని పెద్దలు కట్టడి చేశారు. తర్వాత, దొరికిన సొత్తంతా రాజుగారిదే అనే పాలకులు వచ్చారు. అప్పుడు ఇరుగుపొరుగుకు, తెలిసినవాళ్లకు చెబితే చాలని సడలించారు. ఇవాళ చాలా దేశాల్లో యూదుల మందిరాల్లో శనివారం ఉదయం ప్రార్థన ముగిశాక ఒకరు లేచి వారం విశేషాలు చెబుతారు. ఫలానా సాయంత్రం పాఠం ఉంది, ఫలానావారింట్లో పెళ్లి, ఫలానా ఆయన ఆసుపత్రిలో ఉన్నారు, ఇవాళ్టి ఫలహారం ఫలానా కుటుంబం పెడుతోంది. ఈ ప్రకటనల ముత్తాతల్లో ఆ రాయి ఒకటి.

నా చిన్నతనంలో మా ఊళ్లో డప్పు మోగిందంటే పలకా బలపం వదిలేసి వీధిలోకి పరిగెత్తేవాళ్లం. ఎవరి గేదె తప్పిపోయిందో, చెరువు తూము ఎప్పుడు తెరుస్తారో ఆ చాటింపులోనే తెలిసేది. గేదె మాది కాకపోయినా రెండు రోజులు పొలం గట్ల వెంట కళ్లు పెట్టుకుని తిరిగేవాళ్లం. జెరూసలేం రాయి సంగతి చదువుతుంటే ఆ డప్పు మళ్లీ వినిపించింది.

యూదుల ప్రార్థన మందిరాన్ని పిలిచే సినగాగ్ అన్నది గ్రీకు మాట. కూడిక అని అర్థం. హీబ్రూలో బేత్ క్నెసెత్, అంటే కూడుకునే ఇల్లు. యిద్దిష్ మాట్లాడేవాళ్లు దాన్నే షూల్ అన్నారు, అంటే బడి. మన తెలుగు బైబిలు అనువాదకులు దీనికి పెట్టిన మాట సమాజమందిరం. నాకు ఆ మాటంటే ఎంతో గౌరవం. గుడి అని రాసి ఊరుకోవచ్చు, వాళ్లు ఊరుకోలేదు. దేవుడు కొలువుండే ఇంటికీ మనుషులు కూడుకునే ఇంటికీ తేడా పట్టుకున్నారు.

ఆ తేడాకు రాతి సాక్ష్యం కూడా ఉంది. 1913లో జెరూసలేంలో మొదలైన తవ్వకాల్లో, ఒక పాత నీటితొట్టెలో గ్రీకు శాసనం దొరికింది. థియోడోటోస్ అనే యాజకుడు వేయించిన శాసనం అది. ఆయన తండ్రీ తాతా కూడా సమాజమందిరం పెద్దలే. ఈ మందిరాన్ని ఎందుకు కట్టించాడో అందులో చెప్పుకున్నాడు. ధర్మశాస్త్రం చదవడానికి, ఆజ్ఞలు బోధించడానికి, పరదేశం నుంచి వచ్చి అవసరంలో ఉన్నవాళ్లు బస చేయడానికి. గదులు, నీటి వసతి కూడా కట్టించానన్నాడు. ప్రార్థన అన్న మాట ఆ శాసనంలో ఎక్కడా లేదు! బడీ సత్రమూ కలిపి కట్టిన ఇల్లు అది.

సత్రం గుర్తు ఇంకోచోటా మిగిలింది. శుక్రవారం పొద్దుగూకాక ద్రాక్షారసం గిన్నె పట్టుకుని విశ్రాంతిదినాన్ని ఆహ్వానించే మంత్రాన్ని కిద్దూష్ అంటారు. భోజనం చేసే చోటే చెప్పాలన్నది నియమం. భోజనమేమో ఇంట్లో. మరి మందిరంలో కూడా ఎందుకు చెబుతారు? ఈ ప్రశ్న తాల్ముద్‌లోనే ఉంది. మందిరంలోనే తిని, తాగి, పడుకునే బాటసారుల కోసమని జవాబు. బాటసారులు అక్కడ పడుకోవడం మానేసి ఎన్నో వందల ఏళ్లయింది. ఎంతోమంది శుక్రవారం రాత్రి మందిరంలో ఆ గిన్నె ఇంకా పైకెత్తుతూనే ఉన్నారు. రాని అతిథికి వడ్డించిన విస్తరి అది.

అలెగ్జాండ్రియా మహామందిరం వర్ణన తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అది ఎంత పెద్దదంటే, వెనక కూర్చున్నవాళ్లకు ముందు చదివేవాడి గొంతు వినపడేది కాదట. అందుకని మధ్యలో ఒకడు నిలబడి గుడ్డ ఊపితే అందరూ ఆమేన్ అనేవాళ్లట. కంసాలులు ఒకవైపు, వెండిపనివాళ్లు ఒకవైపు, కమ్మరులు ఒకవైపు, సాలెలు ఒకవైపు కూర్చునేవాళ్లట. ఊరికి కొత్తగా వచ్చిన పేదవాడు లోపలికి రాగానే తన వృత్తివాళ్లెక్కడో పోల్చుకుని వాళ్ల మధ్య కూర్చునేవాడు. అతనికి పనీ కూడూ అక్కడే దొరికేవి.

విశ్రాంతిదినాన వ్యాపారం ఊసెత్తకూడదు, కలం ముట్టకూడదు. కానీ పేదలకు ఇచ్చేది ఖాయం చేయవచ్చు, ఆడపిల్లకు సంబంధం మాట్లాడవచ్చు, పిల్లవాడికి ఏ విద్య, ఏ పని నేర్పించాలో ఆలోచించవచ్చు. తాల్ముద్ ఈ మినహాయింపులు ఇచ్చింది కాబట్టే శనివారం ప్రకటనలకు చోటు దొరికింది. రాయకూడదు కనుక, ఎవరెంత విరాళం ఇస్తారో గుర్తుకు అట్టముక్క అంచు మడిచే పద్ధతి కూడా కొన్నిచోట్ల వచ్చింది.

ఇక ఫుస్తాత్ దగ్గరికి వెళ్దాం. పాఠకులు మన్నించాలి, ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

ఫుస్తాత్ అంటే పాత కైరో. అక్కడి బెన్ ఎజ్రా మందిరంలో స్త్రీల వసారా చివర, ఎత్తున, గోడకు ఒక కన్నం ఉండేది. నిచ్చెనేసుకుని ఎక్కాలి. దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదని యూదుల ఆచారం. ఆ కాగితాలను ఆ కన్నంలోంచి లోపలి కొట్లోకి జారవిడిచేవాళ్లు. ఆ కొట్టు పేరు గెనీజా. హీబ్రూ లిపిలో ఉందంటే చాలు, ఏ కాగితమైనా అందులోకే వెళ్లింది. పెళ్లి ఒప్పందాలు, అప్పుపత్రాలు, పిల్లల ఓనమాలు, మందుచీటీలు, బాకీ తీర్చమని రాసిన కోపపు ఉత్తరాలు, అన్నీ. ఈజిప్టు పొడి గాలి వాటిని తొమ్మిది వందల ఏళ్లు కాపాడింది. 1896లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే కవల అక్కచెల్లెళ్లు తాము కొన్న కాగితాలను కేంబ్రిడ్జిలో పండితుడు సాలమన్ షెక్టర్‌కు చూపించారు. వందల ఏళ్లుగా మూలం కనిపించకుండా పోయిన ఒక హీబ్రూ గ్రంథపు ఆకు అందులో ఉందని ఆయన గుర్తుపట్టాడు. ఆ చలికాలమే కైరో వెళ్లి, దుమ్ములో ఊపిరాడక ఇబ్బంది పడుతూ, సుమారు 1,93,000 ముక్కలు కేంబ్రిడ్జికి చేర్చాడు.

పండితులు ముందు పవిత్ర గ్రంథాల ఆకులు వెతికారు. ఉత్తరాలను, జాబితాలను ఒళ్లో పెట్టుకుని చదివినవాడు ఎస్. డి. గోయిటైన్. ఆయన మొదట పట్టుకున్నది మన హిందూ మహాసముద్ర వర్తకుల ఉత్తరాలే. వాటిని పక్కన పెట్టి, ఆ సమాజం మొత్తం బతుకును అయిదు సంపుటాల్లో రాశాడు. 1967 నుంచి 1988 వరకు ఒక్కొక్కటీ వెలువడ్డాయి.

నన్ను కట్టిపడేసినవి రొట్టెల జాబితాలు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, సమాజం పేదలకు రొట్టెలు పంచేది. ఎవరికెన్ని అన్నది పేరుపేరునా రాసేవాళ్లు. కొందరికి పేరు కూడా ఉండదు. ఫలానా గుడ్డివాడి భార్య, ఫలానావాడి విధవ, కొత్తగా వచ్చిన పరదేశి. పక్కన అంకె. మరో కాగితంలో ఆ ఖర్చుకు చందా వేసినవాళ్ల పేర్లు. ఒక ఏడాది చందా జాబితాలో ఉన్నవాడు కాలం కలిసిరాక రొట్టెల జాబితాలోకి దిగడానికి ఎంతసేపు? ఆ భయం అందరికీ తెలుసు. అందుకే ఇచ్చే చెయ్యి ఆగలేదేమో.

సముద్రదొంగలు పట్టుకున్న మనిషిని విడిపించడానికి ఖరారైన ధర ఉండేది. ముగ్గురికి 100 దీనార్లు, తలకు 33⅓. 1168లో జెరూసలేం క్రైస్తవ రాజు అమాల్రిక్ ఈజిప్టులోని బిల్బైస్ పట్టణాన్ని పట్టుకుని జనాన్ని చెరపట్టినప్పుడు, ఫుస్తాత్‌లో ఉంటున్న మహా తత్వవేత్త మైమనిడీస్ చందాలు కోరుతూ ఊరూరికీ లేఖలు పంపాడు. ప్రపంచం నెత్తిన పెట్టుకున్న పండితుడు బందీల విడుదలకు చందాలు పోగుచేశాడు! తత్వగ్రంథాలతో సమానంగా ఆ లేఖలను తలుచుకోవాలని నా మనవి.

మన పడమటి తీరం కూడా ఆ కొట్లో ఉంది. అబ్రహాం బెన్ యిజు అనే వర్తకుడు 1132లో మంగళూరులో ఆషు అనే బానిస యువతికి స్వేచ్ఛనిచ్చిన పత్రం అక్కడ దొరికింది. ఆయన అక్కడ కంచుసామాను చేయించేవాడు. ఏడెన్ నుంచి స్నేహితులు ఆయనకు చక్కెర, ఎండుద్రాక్ష, కాగితం కానుకలుగా పంపేవాళ్లు. అమితావ్ ఘోష్ 1992లో ఈ జాడ వెంటే ఒక పుస్తకం రాశారు.

అన్నిటికంటే గొప్పది ఇంకొకటుంది. అన్యాయం జరిగినవాళ్లెవరైనా సరే, సమాజం కూడిన వేళ మందిరంలో నిలబడి ప్రార్థనను ఆపగలిగేవాళ్లు. వాళ్ల మొర అందరూ వినేదాకా తోరా, అంటే ధర్మశాస్త్రం, చదవడం ముందుకు సాగేది కాదు. పేదరాలు కూడా ఆపగలిగేది. భర్త వదిలేసి పోయిన ఆడవాళ్లు, దిక్కులేనివాళ్లు పవిత్ర సమాజాన్ని ఉద్దేశించి రాయించుకున్న అర్జీలు గెనీజాలో ఉన్నాయి. జర్మనీ యూదుల్లోనూ ఈ హక్కు ఉండేది. మైన్జ్‌కు చెందిన ధర్మపండితుడు రబ్బేను గెర్షోమ్ పేరు మీద దీనికి నియమాలు కూడా ఏర్పడ్డాయి. మన కథల్లో ధర్మగంట ఉంది. కానీ దాన్ని కొట్టాలంటే రాజుగారి కోటదాకా వెళ్లాలి. ఇక్కడ గొంతే గంట, సమాజమే రాజు. ఈ ఆచారం దాదాపు మాసిపోయింది. కోర్టులు వచ్చాయి, కమిటీలు వచ్చాయి, అర్జీ పెట్టె వచ్చింది. పెట్టెలో వేసిన కాగితం కోసం ఎవరి ప్రార్థనా ఆగదు. ఇంత పెద్ద హక్కును మనుషులు ఇంత చప్పుడు లేకుండా వదులుకోవడం చూస్తే నాకు దుఃఖం వస్తుంది.

తర్వాతి కొన్ని వందల ఏళ్లను గబగబా దాటేస్తాను. తూర్పు యూరప్ ఊళ్లలో తెల్లవారకముందే కొయ్యసుత్తి పట్టుకుని ఇంటింటి తలుపు తట్టి, ప్రార్థనకు లెమ్మని పిలిచే మనిషి ఉండేవాడు. కొన్ని ఊళ్లలో మామూలు రోజు మూడు దెబ్బలు. రెండే వినపడ్డాయంటే ఎవరో పోయారన్నమాట. మూడో దెబ్బ కోసం చీకట్లో చెవులొగ్గి పడుకున్న ఇళ్లను తలుచుకోండి.

మన దేశంలో కొంకణ తీరపు బెనే ఇజ్రాయెల్ యూదులు నూనెగానుగ ఆడేవాళ్లు. శనివారం గానుగ ఆపేవాళ్లు కనుక ఊరివాళ్లు వాళ్లకు శనివార్ తేలీ అని పేరు పెట్టారు. అంటే శనివారపు తెలికలు. వాళ్లలో శామ్యూల్ దివేకర్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి టిప్పు సుల్తాన్ చెరలో పడ్డాడు. వాళ్ల జాతి పేరు విని టిప్పు తల్లి ప్రాణం కాపాడిందని కథ చెప్పుకుంటారు. బయటపడ్డాక 1796లో ఆయన బొంబాయిలో మందిరం కట్టించాడు. దాన్ని జనం మసీదు అనేవాళ్లు. లోకల్ రైళ్ల మస్జిద్ స్టేషనుకు ఆ పేరు దీన్నుంచే వచ్చిందంటారు. ఏలియా ప్రవక్త పేరున వీళ్లు పళ్లెంలో పెట్టే మలీదా ఏమిటో తెలుసా? అటుకులు, కొబ్బరి, చక్కెర, పళ్లు. మన ఇళ్లలోనూ పండగపూట అలాంటి పళ్లెం కనిపిస్తుంది.

కొచ్చి మట్టంచేరిలో 1568 నాటి పరదేశి మందిరం ఉంది. నేలంతా చైనా నుంచి 18వ శతాబ్దంలో తెచ్చిన నీలిరంగు పలకలు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. కొచ్చి యూదు స్త్రీలు తమ మలయాళం పాటలను నోటుపుస్తకాల్లో రాసుకుని పెళ్లిళ్లలో పాడేవాళ్లు. 1948 తర్వాత దాదాపు అందరూ ఇజ్రాయెల్ తరలిపోయారు. వాళ్లలో కడవుంభాగం వారి మందిరం లోపలి కొయ్యపని ఇప్పుడు జెరూసలేం మ్యూజియంలో ఉంది. మందిరం కదిలింది, మ్యూజియంలో నిలబడింది. లోపల కూడిక మాత్రం లేదు.

సమాజ ప్రార్థనకు కనీసం పదిమంది కావాలి. సంప్రదాయం ప్రకారం పదిమంది మగవాళ్లు, కొన్ని నవీన శాఖల్లో స్త్రీలూ లెక్కే. మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టకూడదని వాళ్ల పట్టింపు. పది మాటలున్న ఒక కీర్తన వాక్యాన్ని మనిషికో మాట చొప్పున చెబుతారు. మన కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అంటామే, అలాంటి మర్యాద. కొచ్చి మందిరంలో ఆ వాక్యం చాలాకాలంగా సొంతవాళ్లతో పూర్తి కావడం లేదు. దూరం నుంచి వచ్చిన యాత్రికులు కలిస్తే పూర్తవుతుంది. ఒకప్పుడు మందిరం బాటసారిని ఆదుకుంది. ఇప్పుడు బాటసారి మందిరాన్ని ఆదుకుంటున్నాడు.

తెలుగు మాట్లాడే సమాజమందిరం కూడా ఒకటుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1990ల మొదట్లో బెనే ఎఫ్రాయిము అని తమను పిలుచుకునే కుటుంబాలు దాన్ని కట్టుకున్నాయి. తాము ఇజ్రాయెల్ తప్పిపోయిన గోత్రాలవాళ్లమని వాళ్ల నమ్మకం. ఎగోరోవా, పర్వేజ్ అనే పరిశోధకులు వాళ్లమీద 2013లో పుస్తకం వెలువరించారు. ఆ కుటుంబాలు మాదిగ సమాజం నుంచి వచ్చినవి. ఊరి డప్పును తరతరాలుగా ఏ సమాజం భుజాన వెట్టిగా మోయించారో ఆ సమాజం అది. ఊళ్లో అందరి గేదెల కోసం, అందరి పోగొట్టుకున్నవాటి కోసం వీధివీధీ చాటినవాళ్లు, చాటింపు అయ్యాక రచ్చబండ మీద కూర్చునే హక్కు లేనివాళ్లు.

మా ఊరి డప్పు వినగానే వీధిలోకి పరిగెత్తిన ఆ చిన్నతనంలో, కొట్టేవాళ్లు ఏం పోగొట్టుకున్నారో అని మేం ఒక్కసారీ అడగలేదు. కొత్తరెడ్డిపాలెంలో వాళ్లు కట్టుకున్న ఇంటి పేరుకు అర్థం కూడుకునే ఇల్లు. అందులో కూర్చోవడానికి వాళ్లు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.