ఆక్సొలోటల్ తొట్టి నీటి లవణ గాఢత

ఆక్సొలోటల్ మెక్సికోలోని షొచిమిల్కో సరస్సు ప్రాంతపు సాలమాండర్. జీవితాంతం మొప్పలతో నీటిలోనే ఉంటుంది. మంచినీటి జీవే అయినా కాస్త ఖనిజాలున్న నీరే దానికి నప్పుతుంది. ప్రయోగశాలలు హోల్ట్‌ఫ్రెటర్ అనే లవణ ద్రావణాన్ని 40 శాతానికి పలుచన చేసి వాడుతుంటాయి. లవణాలు దాదాపు లేని ఆర్వో నీటిలో చర్మం గుండా ఒంటి లవణాలు బయటికి పోతాయి.

శ్రీ సత్యసాయి జిల్లా బత్తలపల్లె వంటి కరువు మెట్టల్లో చిక్కు దీనికి తలకిందులు. అక్కడి బోరు నీటిలో కఠినత్వం, ఫ్లోరైడు ఎక్కువగా ఉండవచ్చు. టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కట్టగలదే గాని ఏ లవణం ఎంతో చెప్పదు. అందుకు నీటిని పరీక్ష చేయించాల్సిందే. బోరు నీటిలో ఆర్వో నీరు కలిపి వాడటం మేలు. ఎండకు నీరు ఆవిరైనా లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. తగ్గిన మేరకు మళ్లీ బోరు నీరే పోస్తే వారం వారం ఉప్పు పేరుకుంటుంది. కాబట్టి తగ్గిన నీటికి బదులు ఆర్వో నీరే పోయాలి; పాత నీరు తీసి మార్చేటప్పుడు మాత్రం మిశ్రమం వాడాలి. అన్నిటికన్నా ముఖ్యమైన అలవాటు ఇదే.

ఆక్సొలోటల్ ఒంటికి బూజు పట్టినప్పుడు ఉప్పునీటి స్నానం వేరే పాత్రలో, కొద్ది నిమిషాలే. లవణాలు సరిగ్గా ఉన్నా, నీటిని 16–18 డిగ్రీల దగ్గర నిలిపే చిల్లరు లేకుండా బత్తలపల్లె ఎండల్లో దీన్ని పెంచడం హింసే.