గోపురం లేని చర్చి: లఫ్‌వుడ్ కథ

ఈరోజు మనం చూడబోయే చర్చికి గోపురం లేదు. దూరం నుంచి చూస్తే ఎవరో రైతు ఇల్లు అనుకుంటాం. రాతి గోడలు, అవి ఒరగకుండా బయట రాతి దన్నులు, పైన గడ్డి కప్పు. అంతే.

ఇంగ్లండ్‌లో డాల్‌వుడ్ ఊరి దగ్గరున్న దీని పేరు లఫ్‌వుడ్ మీటింగ్ హౌస్. పక్కనే ఉన్న కిల్మింగ్టన్ ఊరి బాప్టిస్టులది. 1653 నాటికే వాళ్ల సంఘం ఉంది.

మరి ఊరు వదిలి ఇంత మూలకి ఎందుకొచ్చారు? 1660లో రాజరికం తిరిగొచ్చింది. 1664లో ఒక చట్టం తెచ్చారు, పేరు కన్వెంటికిల్ యాక్ట్. ఇంటివాళ్లు కాక ఇంకో ఐదుగురు కూడి, అధికారిక చర్చి పద్ధతిలో కాకుండా ప్రార్థన చేస్తే నేరం. మొదటిసారి 5 పౌండ్ల జరిమానా లేదా 3 నెలల జైలు. మూడోసారి దొరికితే 7 ఏళ్లు సముద్రం దాటించేయొచ్చు!

ఇప్పుడు మ్యాప్ చూడండి. కిల్మింగ్టన్ డెవన్ కౌంటీలో ఉంది. డాల్‌వుడ్ మాత్రం, డెవన్ మధ్యలో ఉండి కూడా, అప్పట్లో డార్సెట్ కౌంటీ లెక్క. ఒక కౌంటీ మేజిస్ట్రేట్ మాట పక్క కౌంటీలో చెల్లదు. అందుకే ఆ గీత వాళ్లకి ఎంత ధైర్యమిచ్చిందో ఊహించొచ్చు.

సరే, లోపలికెళ్దాం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మేం ముందు రిక్వైర్‌మెంట్స్ రాసుకునేవాళ్లం. ఈ బిల్డింగ్‌ని చూస్తే ఆ లిస్టు కనిపిస్తుంది. అందరి చూపూ పడేది పుల్పిట్ మీదే, ఎందుకంటే వాక్యం వినడమే ముఖ్యం. నేల చెక్కల కింద బాప్తిస్మపు తొట్టి. పసిపిల్లలకి నీళ్లు చల్లడం వీళ్ల పద్ధతి కాదు. పెద్దయ్యాక, తనంతట తాను నమ్మి, నీళ్లలో మునగాలి. 1878లో మన ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్న బాప్తిస్మం కూడా ఇదే పద్ధతి. అక్కడ నది, ఇక్కడ తొట్టి.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. 1689లో టాలరేషన్ యాక్ట్‌తో భయం తగ్గింది. పెట్టెల్లాంటి చెక్క బెంచీలు, గ్యాలరీ, దాని కింద విశ్రాంతి గదులు, ఇవన్నీ 18వ శతాబ్దపు పని. అంటే స్వేచ్ఛ వచ్చాక చేసుకున్నవి. అప్పుడైనా గోపురం కట్టొచ్చు కదా? కట్టలేదు. అంటే ఆ సాదాతనం భయంతో మాత్రమే వచ్చింది కాదు, వాళ్లు కావాలని ఎంచుకున్నది.

1969 నుంచి నేషనల్ ట్రస్ట్ దీన్ని కాపాడుతోంది. మీ ఊళ్లో కూడా ఇలాంటి పాత చర్చి ఉంటే, ఈసారి దాని సైజు కాదు, లోపల ఏది ఎక్కడుందో చూడండి. కట్టినవాళ్లు దేన్ని నమ్మారో అక్కడే తెలుస్తుంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.