కోడికునుకు తీసే చిప్పు

చలి దేశాల్లో చాలా అపార్ట్‌మెంట్లకు కింద ఒకే బాయిలర్ ఉంటుంది. అక్కడ కాగిన నీళ్లు గొట్టాల్లో తిరుగుతూ ప్రతి గదిలోని రేడియేటర్‌నూ వేడెక్కిస్తాయి. మరి బిల్లులో ఎవరి వాటా ఎంత? కిటికీలు బార్లా తీసుకున్నవాళ్లూ, పొదుపుగా వాడుకున్నవాళ్లూ ఒకే లెక్కన కట్టడం అన్యాయం కదా! వాడకాన్ని బట్టే ఖర్చు పంచాలని 1981లో అప్పటి పశ్చిమ జర్మనీ నిబంధన తెచ్చింది. రేడియేటర్‌కు బిగించిన సన్నటి గాజు గొట్టంలో ద్రవం ఎంత ఆవిరైందో చూసి లెక్క కట్టేవారు.

ఆ గొట్టం బదులు ఎలక్ట్రానిక్ మీటరు పెడదామంటే ఒక చిక్కు. ప్రతి రేడియేటర్ దగ్గరికీ కరెంటు తీగ లాగలేరు. ఏటేటా ఇల్లిల్లూ తిరిగి బ్యాటరీలు మార్చలేరు. లోపల పెట్టిన ఒక్క బ్యాటరీతోనే ఏళ్ల తరబడి నడవాలి. నీళ్ల మీటరుదీ, గ్యాస్ మీటరుదీ ఇదే అవస్థ.

ఇలాంటి మీటర్లను దృష్టిలో పెట్టుకునే 1990ల ఆరంభంలో, మ్యూనిక్ దగ్గరున్న ఫ్రైజింగ్ పట్టణంలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇంజినీర్లు మైక్రోకంట్రోలర్ అనే ఒక బుల్లి కంప్యూటర్ చిప్‌కు ప్రాణం పోశారు. దాని పేరు ఎమ్మెస్పీ430. ఎమ్మెస్పీ అంటే మిక్స్‌డ్ సిగ్నల్ ప్రాసెసర్. బయటి వేడినీ, ఒత్తిడినీ కొలవడం, ఆ కొలతను అంకెల్లో లెక్కించడం రెండూ ఒకే చిప్పులో జరుగుతాయని ఆ పేరు చెబుతుంది.

పోపులపెట్టె తెలివి

మైక్రోకంట్రోలర్లు అప్పటికి కొత్తేమీ కాదు. ఇదే కంపెనీ తెచ్చిన టీఎంఎస్1000 చిప్పు 1974లోనే అమ్మకానికి వచ్చింది. 1980లో ఇంటెల్ 8051 వచ్చింది. ప్రోగ్రాం చెబితే పని ఆపి, కరెంటు మిగిల్చుకుంటూ నిద్రపోయే ఏర్పాటు తొలి 8051లో లేదు. తర్వాత సీమాస్ అనే తక్కువ కరెంటు పద్ధతిలో చేసిన 80సీ51లో దాన్ని జోడించారు. ఎమ్మెస్పీ430లో మాత్రం నిద్ర పునాదిలోనే ఉంది.

దీని నిర్మాణం చూస్తే 1970లో వచ్చిన పీడీపీ-11 అనే మినీ కంప్యూటర్ పోలికలు కనిపిస్తాయి. 16 బిట్ల ప్రాసెసర్, దాని లోపలే రిజిస్టర్లు అనే 16 చిన్న గూళ్లు, 27 మూల ఆదేశాలు. నేర్చుకునేవారికి ఇంత క్లుప్తత వరమే. ఆ రిజిస్టర్లలో నాలుగింటికి ప్రత్యేక బాధ్యతలున్నాయి. ఒకటి ప్రోగ్రాం ఎక్కడిదాకా నడిచిందో గుర్తుపెట్టుకుంటుంది. రెండోది స్టాక్ అనే తాత్కాలిక నిల్వను చూసుకుంటుంది. మూడోది ప్రాసెసర్ ఏ స్థితిలో ఉందో చెప్పే స్టేటస్ రిజిస్టర్. అదీ, నాలుగోదీ కలిసి మరో పని చేస్తాయి. ప్రోగ్రాముల్లో పదేపదే అవసరమయ్యే –1, 0, 1, 2, 4, 8 అనే ఆరు విలువలను అప్పటికప్పుడు అందిస్తాయి. ఆవాలు, జీలకర్ర కోసం వంటావిడ ప్రతిసారీ సామాన్ల గదికి పరిగెత్తదు, పొయ్యి పక్కన పోపులపెట్టె ఉంటుంది. ఇదీ అంతే. మెమరీ దాకా వెళ్లే ఒక్కో ప్రయాణం తగ్గితే ఆ మేరకు చోటూ, సమయమూ, బ్యాటరీ కూడా మిగులుతాయి.

రెండు గడియారాలు

అసలు కిటుకు గడియారాల్లో ఉంది. ఒకటి చేతివాచీల్లో వాడే క్వార్ట్జ్ స్ఫటికం. సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్యను 15 సార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా 1 వస్తుంది, అంటే ఒక సెకను. ఇది అతి తక్కువ కరెంటుతో రాత్రింబవళ్లూ నడుస్తుంది. రెండోది చిప్పు లోపలే ఉండే వేగవంతమైన గడియారం. పని లేనప్పుడు ఇది పూర్తిగా ఆగిపోతుంది. పిలుపు వస్తే తొలి తరాల్లో 6 మైక్రోసెకన్లలో, తర్వాతి కొన్నింటిలో 1 మైక్రోసెకను లోపే అందుకుంటుంది. కుంభకర్ణుడిలా పడుకుంటే బ్యాటరీ మిగులుతుంది కానీ లేపడానికే పుణ్యకాలం గడిచిపోతుంది. ఈ చిప్పుది కోడికునుకు.

ఆ కునుకు తీరు ముచ్చటగా ఉంటుంది. స్టేటస్ రిజిస్టర్‌లో నాలుగు బిట్లు నిద్రకే కేటాయించారు. వాటిని మార్చుకుంటూ తేలిక నిద్ర నుంచి గాఢ నిద్ర దాకా అయిదు మెట్లు దిగవచ్చు. ఎవరో బటన్ నొక్కారనుకుందాం, లేదా సెకను నిండిందనుకుందాం. వెంటనే ఇంటరప్ట్ అనే పిలుపు వస్తుంది. అప్పుడు చిప్పు ఎక్కడ ఆగిందో, ఏ స్థితిలో ఉందో స్టాక్‌లో దాచుకుంటుంది. ప్రాసెసర్‌ను ఆపి ఉంచిన బిట్‌ను చెరిపేసి లేస్తుంది. పని ముగిశాక దాచిన స్థితిని వెనక్కి తీసుకుంటుంది. అందులో నిద్ర కూడా ఉంది కాబట్టి అదీ తిరిగొస్తుంది! మళ్లీ పడుకోమని ప్రోగ్రామర్ చెప్పనక్కర్లేదు, మెలకువగా ఉండాలంటేనే చెప్పాలి.

లెక్క వేసి చూడండి. రూపాయి బిళ్లలాంటి సీఆర్2032 బ్యాటరీలో సుమారు 220 మిల్లీఆంప్-అవర్ల శక్తి ఉంటుంది. ఎమ్మెస్పీ430 కుటుంబంలోని జీ2 చిప్పు 1 మెగాహెర్ట్జ్ వేగంతో ఆగకుండా పనిచేస్తే దాదాపు 230 మైక్రోఆంప్‌లు తాగుతుంది. అంటే బ్యాటరీ 40 రోజుల్లో ఖాళీ. నిద్రలో ఖర్చు 1 మైక్రోఆంప్ లోపే కాబట్టి లెక్క ప్రకారం 25 ఏళ్లకు పైగా రావాలి. అన్నాళ్లు బ్యాటరీయే బతకదు.

బల్ల మీద ఎర్ర బోర్డు

2010లో కంపెనీ ఈ చిప్పుతో ప్రయోగాలు చేసుకునే లాంచ్‌ప్యాడ్ అనే ఎర్రటి బోర్డును 4 డాలర్ల 30 సెంట్లకే అమ్మింది. ధర కూడా 430 పేరును తలపించేదే! విద్యార్థులు కూడా కొనుక్కోగలిగారు. మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లోకీ ఎమ్మెస్పీ430 చేరింది.

ఆ బోర్డు నా బల్ల మీద ఇప్పటికీ ఉంది. పెట్టెలో బియ్యపు గింజంత స్ఫటికం విడిగా వచ్చింది, నేనే టంకం వేశాను. బోర్డు మీద ఎర్ర దీపం వెలిగి ఆరుతుంటే కరెంటు కొలిచే మీటరులో అంకెలు ఎగిరెగిరి పడేవి. దీపం ఆర్పించి, ప్రోగ్రాం చివర నిద్రపుచ్చే ఆదేశం ఒక్కటి రాశాను. అంకెలు జారుతూ జారుతూ ఒక మైక్రోఆంప్ దిగువన నిలిచాయి. చిప్పు ఆగిపోయిందేమోనని బటన్ నొక్కాను. దీపం తటాలున వెలిగింది.